ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైమ్ రక్తంలో పెరిగిందని మీ నాన్నగారిని కొత్త మందు ట్రయల్‌లోకి తీసుకోలేదన్నారు కదా

ఎక్కువ అనుమానం ఆ తిప్పతీగ కషాయం మీదేనండి. మూడు నెలల కిందట మామూలుగా ఉన్న ఏఎల్‌టీ ఫ్యాటీ లివర్ ట్రయల్ స్క్రీనింగ్‌లో (చేర్చుకునే ముందు చేసే పరీక్షల్లో) పెరిగిందన్నారు, కషాయం రెండు నెలలుగా తాగుతున్నారనీ మీరే రాశారు. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే వచ్చాయి.

అందరూ వదిలేసే సంగతి ఇదే. ఏం మందులు వాడుతున్నారంటే బీపీ, షుగర్ బిళ్లలే చెబుతారు. పసరు, కషాయం, ఆకుపొడి లెక్కలోకి రావనుకుంటారు. మా అమలాపురం వైపు కామెర్లంటే ముందు పసరుకే పరిగెడతాం. ట్రయల్‌లో చేర్చుకోరేమోనని దాచకండి. తర్వాత లివర్‌కి ఏమైనా అయితే, కొత్త మందు వల్లో కషాయం వల్లో తేల్చడం కష్టం.

1. కషాయం ఈరోజే ఆపించండి. బీపీ, షుగర్ మందులు మాత్రం డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు.

2. సీసాలు, పొట్లాలు, చీటీలు అన్నీ సంచిలో వేసుకుని, ఎప్పటినుంచి వాడారో తేదీలు రాసి ట్రయల్ కోఆర్డినేటర్‌కి చూపించండి.

3. మళ్లీ స్క్రీనింగ్ చేస్తారా, ఎన్ని వారాలు ఆగాలి అని అడగండి. అది ప్రోటోకాల్‌ని, అంటే ఆ ట్రయల్‌కి ముందే రాసిపెట్టుకున్న నియమాలని బట్టి ఉంటుంది.

4. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ట్రయల్ సంగతి పక్కనపెట్టి వెంటనే కాకినాడో రాజమండ్రో తీసుకెళ్లండి.

సమ్మతి పత్రం తెలుగులో అడిగి తీసుకోండి. మన దేశంలోని 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఉంటాయి. నాన్నగారు ఎప్పుడైనా మానుకోవచ్చు కూడా.