టెక్ సందేహాలు: ఆర్డుయినోతో టీవీలో బొమ్మ

ప్రశ్న: ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు రెండు రెసిస్టర్లు తగిలిస్తే టీవీలో బొమ్మ వస్తుందని సీనియర్లు చెప్పారు. టీవీఅవుట్ లైబ్రరీలోని డెమో ఎక్కించి, ఇంట్లో పాత కలర్ టీవీ పసుపు ఏవీ పిన్‌కు కలిపాను. అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ బొమ్మ నిలువుగా జారిపోతూనే ఉంది. వైరింగ్‌లో తప్పుందా? అసలు 2 కేబీ మెమరీ ఉన్న చిప్పు వీడియో ఎలా ఇవ్వగలుగుతోంది?
– డిప్లొమా విద్యార్థి, తణుకు

జవాబు: అక్షరాలు చదవగలుగుతున్నారంటే వైరింగ్ బాగానే ఉన్నట్టు. ఆ లైబ్రరీతో రెండు డెమోలు వస్తాయి. ఒకటి ఎన్‌టీఎస్‌సీ, రెండోది పాల్. మీరు ఎన్‌టీఎస్‌సీది ఎక్కించి ఉంటారు. అది అమెరికా, జపాన్ టీవీల పద్ధతి: ఫ్రేముకు 525 గీతలు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. మనది పాల్: 625 గీతలు, 25 ఫ్రేములు. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు తీసుకున్నది కూడా ఇదే. ఒక్క గీత గీయడానికి పట్టే సమయంలో ఈ రెండు పద్ధతులకూ తేడా అర మైక్రోసెకను కూడా లేదు, అందుకే అడ్డంగా అక్షరాలు నిలబడ్డాయి. తెర పై నుంచి కింది దాకా వెళ్లే సమయంలో మాత్రం మూడు మిల్లీసెకన్లకు పైగా తేడా ఉంది. జారుతున్నది అందుకే. బిగిన్ అనే చోట పాల్ అని ఇచ్చి, వెనకే 128, 96 అని రాసి మళ్లీ ఎక్కించండి.

ఇక మీ రెండో ప్రశ్న. ఇది వివరంగా చెప్పుకోవాల్సినది.

కాంపోజిట్ వీడియో అంటే ఒకే తీగ మీద 0 నుంచి 1 వోల్టు మధ్య ఆడే సిగ్నల్. 0 వోల్టు అయితే సింక్, అంటే ‘కొత్త గీత మొదలుపెట్టు’ అని టీవీకి సైగ. 0.3 వోల్టు నలుపు, 1 వోల్టు తెలుపు. ఊనో పిన్నులకు తెలిసినవి 0, 5 వోల్టులే కాబట్టి రెసిస్టర్లు కావాలి. సింక్ కోసం 9వ పిన్ను నుంచి 1 కిలో ఓమ్ (గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలు), బొమ్మ కోసం 7వ పిన్ను నుంచి 470 ఓమ్‌లు (పసుపు, ఊదా, గోధుమ) వచ్చి ఒకచోట కలుస్తాయి. మూడో రెసిస్టర్ టీవీ లోపలే ఉంది, 75 ఓమ్‌లది. లెక్క కట్టి చూడండి: రెండు పిన్నులూ ‘లో’ (0 వోల్టు) అయితే 0 వోల్టు. 9వది మాత్రమే ‘హై’ (5 వోల్టులు) అయితే 0.3 వోల్టు. రెండూ హై అయితే దాదాపు 0.95 వోల్టు. తెలుపు కాస్త తగ్గినా టీవీ సర్దుకుంటుంది. మల్టీమీటర్ పెట్టి అంకెలు కుదరలేదని కంగారు పడకండి, అది చూపించేది సగటు మాత్రమే.

వోల్టేజీ సంగతి అంతే. కష్టమంతా టైమింగ్‌లో ఉంది. పాల్‌లో ఒక గీతకు 64 మైక్రోసెకన్లు. ఊనో 16 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది కాబట్టి గీతకు సరిగ్గా 1024 క్లాకులు (చిప్పు వేసే అడుగులు) దొరుకుతాయి. అందులో 4.7 మైక్రోసెకన్లు సింక్ పల్సు, ఆ తర్వాత కొంతసేపు నలుపు, బొమ్మకు మిగిలేది సుమారు 52 మైక్రోసెకన్లు. గీతకు 128 చుక్కలు పెట్టాలంటే ఒక్కో చుక్కకు ఆరు క్లాకులు. ఆ ఆరింటిలోనే మెమరీ నుంచి తెచ్చుకున్న బిట్టును పిన్ను మీదికి తోసి తర్వాతి బిట్టును సిద్ధం చేసుకోవాలి. సి భాషలో రాస్తే కంపైలర్ ఎన్ని క్లాకులు తీసుకుంటుందో మన చేతిలో ఉండదు. అందుకే ఆ భాగమంతా చిప్పు సొంత భాషకు దగ్గరైన అసెంబ్లీలో ఉంటుంది.

ఈ ప్రాజెక్టు ప్రతి ఎలక్ట్రానిక్స్ విద్యార్థీ ఒక్కసారైనా చేసి తీరాలని నేను పట్టుబట్టేది కూడా ఇందుకే. ఎల్‌ఈడీ వెలిగించి ఆర్పే ప్రోగ్రాములో మిల్లీసెకను అటూఇటూ అయినా ఎవరికీ తెలియదు. ఇక్కడ ఒక్క క్లాకు, అంటే 62.5 నానోసెకన్లు తప్పినా కంటికి కనబడుతుంది. తెర మీద నిలువు గీత ఒకటి గీసి, టీవీకి దగ్గరగా వెళ్లి చూడండి. కొత్త గీత మొదలుపెట్టమని ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపమనే సైగ) వచ్చినప్పుడు చిప్పు చేతిలో ఉన్న ఇన్‌స్ట్రక్షన్ పూర్తిచేసి గానీ కదలదు. కొన్ని ఇన్‌స్ట్రక్షన్లకు ఒక క్లాకు చాలు, కొన్నింటికి రెండు మూడు కావాలి. అందువల్ల ఒక గీత ముందుగా, ఇంకో గీత వెనగ్గా మొదలై, నిలువు గీత అంచు రంపపు పళ్లలా కనబడాలి. లైబ్రరీ మాత్రం ప్రతి గీత మొదట్లో టైమర్‌ను చదివి, ఎన్ని క్లాకులు ఆలస్యమైందో చూసి, మిగతాది ఖాళీగా గడిపి, అన్ని గీతలనూ ఒకే చోట మొదలుపెడుతుంది. ఆ నాలుగైదు లైన్ల అసెంబ్లీని విప్పి చదవండి. మైక్రోకంట్రోలర్ మీద దానికి మించిన పాఠం నాకు తెలియదు.

మెమరీ లెక్క తేలికే. 128 చుక్కలను 96తో గుణించి, బైట్లలోకి మార్చడానికి 8తో భాగిస్తే 1536. ఉన్న 2048లో అవి పోగా మీ ప్రోగ్రాముకు మిగిలేవి 512 బైట్లు. పొడవాటి మెసేజీలు ఉంటే ప్రోగ్రాము ఉండే ఫ్లాష్ మెమరీలో దాచుకోవాలి, లేకపోతే బోర్డు ఉన్నట్టుండి రీసెట్ అవుతుంది.

బొమ్మ గీస్తున్నంతసేపూ చిప్పుకు వేరే పని చేసే తీరిక ఉండదు. పైనా కిందా ఖాళీ గీతలు వెళుతున్నప్పుడే మీ ఆట లెక్కలు సాగుతాయి. 1981లో బ్రిటన్‌లో వచ్చిన జడ్‌ఎక్స్81 కంప్యూటర్‌దీ ఇదే పరిస్థితి. 1 కేబీ మెమరీతో వచ్చిన ఆ మెషీన్‌లో బొమ్మ పని కూడా ప్రాసెసర్‌దే. లెక్కలు త్వరగా కావాలంటే ఫాస్ట్ మోడ్‌లో పెట్టేవారు. అప్పుడు లెక్క తేలేదాకా తెర ఖాళీ!

ప్రశ్న: టీవీలో పాంగ్ ఆట చేశాం, బాగా నడిచింది. దానికే సర్వో మోటారు జోడిస్తే బొమ్మ పోయింది. సీరియల్ వాడితే గీతలు వణుకుతున్నాయి.
– బీటెక్ విద్యార్థినులు, కరీంనగర్

జవాబు: ఊనోలో సర్వో లైబ్రరీ టైమర్ 1 అనే చిప్పు లోపలి గడియారాన్ని వాడుతుంది. మీ సింక్ పల్సులు పుట్టేదీ అక్కడి నుంచే. ఇద్దరికీ అదే కావాలి కాబట్టి రాజీ కుదరదు. సీరియల్‌కు మాత్రం దారి ఉంది. మామూలు సీరియల్ ప్రతి బైటుకూ ఇంటరప్ట్ ఇచ్చి గీత మధ్యలో తలదూరుస్తుంది. టీవీఅవుట్‌తో పాటు వచ్చే పోల్‌సీరియల్ అలా చేయదు, గీతకూ గీతకూ మధ్య సందులో మాత్రమే డేటా వచ్చిందేమో చూసుకుంటుంది. అలాగే మామూలు డిలే, మిల్లీస్ ఫంక్షన్ల బదులు ఆ లైబ్రరీలోవే వాడండి.

సర్వో తప్పదనుకుంటే నా సలహా రెండో బోర్డు. ఒక ఊనోను వీడియోకే వదిలేయండి. మోటారు, బటన్లు ఇంకోటి చూసుకుని, బంతి ఎక్కడుందో సీరియల్‌లో చెబుతుంది. రెండు బోర్డుల గ్రౌండ్లూ కలపడం మరవొద్దు.

ప్రశ్న: నాకు రంగుల బొమ్మ కావాలి. ఈఎస్‌పీ32-ఎస్3, కొత్త ఊనో ఆర్4 బోర్డులు కొన్నాను. ఆర్4లో టీవీఅవుట్ ప్రోగ్రాము కంపైల్ కావట్లేదు, ఎస్3లో డాక్ (అంకెలను వోల్టేజీగా మార్చే భాగం) పిన్ను దొరకట్లేదు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఆర్4లో ఉన్నది ఏఆర్ఎమ్ చిప్పు. టీవీఅవుట్ పాత ఏవీఆర్ చిప్పుల అసెంబ్లీలో రాసింది, అందుకే కంపైల్ కాదు. ఎస్3లో డాక్ అసలే లేదు. ఎస్, సీ లాంటి అక్షరాలేవీ లేని మొదటి ఈఎస్‌పీ32 తీసుకోండి. అందులో 25, 26 పిన్నుల మీద 8 బిట్ల డాక్‌లు రెండున్నాయి.

రంగు ఎందుకు కష్టమంటే, పాల్‌లో రంగు సమాచారం 4.43361875 మెగాహెర్ట్జ్ తరంగం మీద, దాని ఫేజ్‌లో (తరంగం ఎంత ముందుగా, ఎంత వెనగ్గా ఉందన్న దానిలో) ఉంటుంది. పైగా అందులో ఒక భాగం ఫేజ్ గీత గీతకూ తిరగబడాలి. ఊనో 16 మెగాహెర్ట్జ్ ఈ అంకెతో నిశ్శేషంగా భాగింపబడదు, కాబట్టి ఆ తరంగాన్ని ఊనో సరిగ్గా పుట్టించలేదు. మొదటి ఈఎస్‌పీ32లో ఆడియో కోసం పెట్టిన పీఎల్‌ఎల్‌ను (క్లాకు పుట్టించే సర్క్యూట్‌ను) మనకు కావాల్సిన ఫ్రీక్వెన్సీకి చాలా దగ్గరగా తిప్పుకోవచ్చు. దాని మీద రంగుల కాంపోజిట్ ఇచ్చే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు కొన్ని నిలబడ్డది ఈ వెసులుబాటు మీదే.

ప్రశ్న: తాతగారి బ్లాక్ అండ్ వైట్ ఈసీ టీవీ ఇంకా పనిచేస్తోంది. ఏవీ పిన్ లేదు. మా అబ్బాయి చేసిన ఆర్డుయినో ఆట అందులో చూడొచ్చా?
– గృహిణి, గుంటూరు

జవాబు: హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైన సెట్టు ఇంకా నడుస్తోందంటే సంతోషం. చూడొచ్చు, కానీ మధ్యలో ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా కావాలి. అది ఏవీ సిగ్నల్‌ను ఒక చానల్‌గా మార్చి యాంటెన్నా వైరు ద్వారా ఇస్తుంది. కొనేముందు అది వీహెచ్‌ఎఫ్ చానల్ ఇస్తుందో లేదో అడగండి. ఆనాటి సెట్లలో చాలావాటికి యూహెచ్‌ఎఫ్ అందదు. మాడ్యులేటర్‌ను వైరుతోనే కలపండి. దానికి యాంటెన్నా తగిలించి గాల్లోకి వదిలితే లైసెన్సు లేని ప్రసారం కింద లెక్క.

టీవీ మూత తీసి లోపల ఎక్కడో వైరు తగిలించమని ఎవరైనా చెబితే మాత్రం ఒప్పుకోవద్దు. పాత సెట్లలో చాసిస్ (లోపలి లోహపు చట్రం) నేరుగా కరెంటు లైనుతోనే కలిసి ఉండొచ్చు. పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులుంటాయి, స్విచ్ తీసేశాక కూడా కొంత నిలిచే ఉంటుంది. అబ్బాయి రోజూ ఆడుకోవడానికైతే కార్ల యాక్సెసరీస్ షాపులో దొరికే రివర్స్ కెమెరా స్క్రీను మేలు. 12 వోల్టుల అడాప్టర్ ఒకటి ఇప్పించండి చాలు, దాని పసుపు పిన్నుకు ఊనో నేరుగా కలుస్తుంది.