అత్తయ్య గారు సినిమా మధ్యలో ఎందుకు లేచి వెళ్లిపోయారు

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. శని ఆదివారాలు వస్తే ఇంట్లో ఐదుగురు ఐదు మూలల్లో ఉంటున్నారు, పద్నాలుగేళ్ల బాబు ఫోన్‌లో, ఎనిమిదేళ్ల పాప ట్యాబ్‌లో, మీ ఆయన మధ్యాహ్నం దాకా నిద్రలో, పోయిన శనివారం మీరే పూనుకుని అందర్నీ కూర్చోబెట్టి మిథునం పెడితే అత్తయ్య గారు సగంలో లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు, మీ ఆయనేమో "ఇవన్నీ ఎందుకు పెడతావ్" అని అరిచారు, అంత మంచి సినిమా కదా నేనేం తప్పు చేశాను, ఈ వారం ఏం చూడాలో చెప్పండి అని అడిగారు.

మీరు తప్పేం చేయలేదు. కానీ మామయ్య గారు పోయి ఎనిమిది నెలలే అయిందని ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాశారు చూడండి, నాకు అసలు విషయం అక్కడే కనిపించింది. మిథునంలో తెర మీద ఉండేది బాలు గారు, లక్ష్మి గారు ఇద్దరే, ముసలి మొగుడూ పెళ్లాల తిండి గొడవలు, అలకలు, చివరికి ఆయన వెళ్లిపోతాడు ఆవిడ మిగులుతుంది. ఎనిమిది నెలల క్రితం దాకా తనూ అలాగే ఒకాయనకి వండిపెట్టిన మనిషి అది ఎలా చూడగలదు చెప్పండి. మా నాన్న పోయిన ఏడాది మా అమ్మ కూడా అంతే, పాత పాట వస్తే సౌండ్ తగ్గించమనేది, మేం విసుక్కునేవాళ్లం, ఎందుకో నాకు అర్థమయ్యేసరికి చాలా రోజులు పట్టింది. మీ ఆయన అరుపు కూడా మీ మీద కోపం కాకపోవచ్చు, పోయింది ఆయన తండ్రి కదా.

అందుకే బలగం కూడా ఇప్పుడు వద్దు. ఫ్యామిలీతో చూడమని అందరూ చెప్పే సినిమానే, నాకూ చాలా ఇష్టం, కానీ అది మొత్తం చావింట్లోనే నడుస్తుంది, పిండం కాకి ముట్టకపోవడం చుట్టూనే కథ. సంవత్సరీకం అయ్యాక ఎప్పుడైనా ఆవిడే అడిగితే అప్పుడు అందరూ కలిసి చూసి ఏడవండి, ఏం పర్లేదు.

ముందు అత్తయ్య గారిని అడగండి. ఏడాది తిరక్కుండా సినిమాలేంటి అని కొందరు పెద్దవాళ్లకి ఉంటుంది, ఆవిడకి అలా ఉంటే బలవంతం చేయకండి. లేదంటే "మీ చిన్నప్పుడు టూరింగ్ టాకీస్‌లో ఏం చూశారు అత్తయ్యా" అని కూరగాయలు తరుగుతున్నప్పుడు మాటల్లో పెట్టండి, ఆవిడ చెప్పిందే శనివారం సినిమా. మాయాబజార్ అన్నారనుకోండి, 1957 నాటిది, దాదాపు మూడు గంటలు, మీ పాప మొత్తం కూర్చోలేదు, ఇంటర్వెల్‌లో ఆపి మిగతాది పై శనివారం పెట్టండి, ఎస్వీ రంగారావు గారు వివాహ భోజనంబు అంటూ లడ్డూలు మింగుతుంటే మాత్రం పాపే అందర్నీ పిలుస్తుంది.

బాబుకీ ఒక వంతు ఇవ్వండి, ఆదివారం వాడి ఇష్టం, రేటింగ్ మాత్రం మీరు చూసుకోండి, 16+ అని ఉంటే పాప ముందు వద్దు. ఏం పెట్టాలో వాడికి తోచకపోతే సినిమా బండి చెప్పండి, ఆటో అతనికి ఎవరో మర్చిపోయిన కెమెరా దొరికితే ఊళ్లోవాళ్లతో సినిమా తీసేద్దామనుకుంటాడు, పెద్ద నిడివి కూడా కాదు. సిరీస్ కావాలంటే 90స్ మిడిల్ క్లాస్ బయోపిక్, ఈటీవీ విన్‌లో, ఆరు ఎపిసోడ్లే, లెక్కల మాస్టారు తండ్రి, మార్కుల గొడవ, మీ ఆయన తనే లేచొచ్చి కూర్చుంటారని నా ఆశ.

టైం రాత్రి తొమ్మిది కాదు, అత్తయ్య గారికి నిద్రొచ్చేస్తుంది, భోజనాలయ్యాక మూడింటికి పెట్టండి. ఏ సినిమా అనేది శుక్రవారం రాత్రే తేల్చేసి అది ఏ యాప్‌లో ఉందో చూసుకోండి, అప్పటికప్పుడు వెతుకుతూ కూర్చుంటే గంట పోతుంది, మళ్లీ ఎవరి గదిలోకి వాళ్లు.

మీరు రాసినదాన్ని బట్టి ఆరోజు కూడా మీరు పకోడీలు వేస్తూ వంటింట్లోనే ఉన్నారు, అత్తయ్య గారు లేవడం మీరు చూడలేదు, బాబు చెప్తే తెలిసింది. ఈసారి పకోడీలు వద్దు. "ఏదోటి నువ్వే పెట్టమ్మా" అని ఆవిడంటే గుండమ్మ కథ పెట్టేసి ఆవిడ పక్కనే కూర్చోండి, మళ్లీ లేచారంటే సినిమా నడుస్తుండగానే మీరూ లేచి వెనకాలే వెళ్లండి.