బోర్డు గదికి చెమ్మ ఎక్కడి నుంచి దిగుతోందంటే

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మిద్దె మీద వేసిన సిమెంటు బోర్డుల గదికి వచ్చిన లోపమేమీ లేదు, టెన్షన్ పడకు. ఇటుక గోడ ఆగి బోర్డు మొదలయ్యే చోట అరంగుళం గట్టు ఉంది చూడు, బోర్డు మీద జారిన వాన అంతా అక్కడ నిలబడి లోపలికి పోతోంది. మేస్త్రి ఆ సందుకి సిమెంటు పూస్తానంటున్నాడని రాశావు. వద్దని చెప్పు. ఎండకి ఇనప ఫ్రేము సాగుతుంది, వానకి బోర్డు కాస్త ఉబ్బుతుంది, గోడ కదలిక వేరు. మధ్యలో పూసిన సిమెంటు వెంట్రుకవాసి చీలుతుంది. అంత సన్నటి చీలిక నీళ్లని ఊరికే పోనివ్వదు, లోపలికి పీల్చుకుంటుంది.

అక్కడ పని చేసేది రేకు. రంగు పూత ఉన్న జి.ఐ. రేకుని, అంటే జింకు పూసిన ఇనప రేకుని, రేకులు వంచే షాపులో మూడు మడతలుగా వంచించు. పై మడత బోర్డు వెనక నాలుగంగుళాలు నిలువుగా ఎక్కాలి, మధ్య మడత గట్టు మీద బయటికి వాలుగా రావాలి, చివరి మడత ఇటుక ముఖం మీదికి దిగి, అంచు కాస్త బయటికి తిరగాలి. లేకపోతే నీళ్లు గోడనే పట్టుకుని జారతాయి. నాలుగంగుళాలు ఎందుకంటావా? 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి గాలి గుర్తుందిగా. అలాంటి గాలికి నీళ్లు పైకి కూడా ఎక్కుతాయి. స్క్రూలు పై మడతకే కొట్టాలి, వాలు మీద ఒక్కటి కూడా వద్దు. రెండు రేకులు కలిసే చోట నాలుగంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి మధ్యలో సీలెంట్, అంటే సందులు మూసే సాగే పేస్టు, పెట్టించు. మూల దగ్గర రేకు చివరని పైకి మడవాలి. ఈ ఒక్కటి మర్చిపోయే మేస్త్రిలే ఎక్కువ.

కావలికి సముద్రం దగ్గర, ఉప్పు గాలి. అందుకని కోసిన అంచులకి రంగు వేయించు, స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి తెప్పించు. అల్యూమినియం రేకు చూపిస్తే తీసుకోకు, తడి సిమెంటు తగిలితే అది తినేసినట్టు అయిపోతుంది.

బోర్డు కింది అంచుకీ రేకుకీ మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచి వదిలేయాలి. సీలెంట్ గన్ చేతిలో ఉన్నవాడు దాన్ని కూడా మూసేస్తాడు, నువ్వు పక్కనే నిలబడు. లోపలికి చేరిన కాసిన్ని నీళ్లకి అదే దారి.

మెట్ల గది గోడకి బోర్డు నిలువుగా తగిలే సంది వేరు. అక్కడ సీలెంట్ కావాలి. దుమ్ము దులిపి, గోడ బాగా ఆరాక ముందు ఫోమ్ రాడ్ దూర్చి, దాని మీద పియు (పాలియురెథేన్) సీలెంట్ కొట్టించు. సంది పన్నెండు మిల్లీమీటర్లుంటే లోతు ఆరు చాలు. సీలెంట్ రెండు పక్కలకే అంటుకోవాలి, వెనక్కి అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ బాత్రూమ్ అద్దాలకి సరే, సిమెంటుకి పనికిరాదు. మిట్టమధ్యాహ్నం కాకుండా పొద్దున్నే చేయించు.

మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచే కదా, దసరా లోపు పని అయిపోవాలి. అయ్యాక పైపుతో నీళ్లు కొట్టి చూడు. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారిందో తెలియదు. కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట పది నిమిషాలు ఆగుతూ పైకి రా. అమ్మాయిని లోపల టార్చితో నిలబెట్టు.

రేకు వంచించే ముందు కొలతలు కాగితం మీద గీసి నాకు ఫొటో పంపు. అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
ఒంగోలు నుంచి మీ మామయ్య