ఎర్రకోటు ఆఫీసరు పాత ఆయిల్ పెయింటింగ్ ఏ కాలానిదో ఎలా చెప్పాలి?

చిత్రకారుడి సంతకం లేని పెయింటింగ్, ఎర్రకోటు బ్రిటిష్ ఆఫీసరు, కింద మూలన ఆయన పేరంటూ ఒక పేరు. 18వ శతాబ్దానిదని అమ్మేవాళ్లు అంటున్నారు, నమ్మొచ్చా అని అడిగారు. ముందు ఆ పేరును పక్కన పెట్టండి. అలాంటివి తరచుగా తర్వాతి తరాలవాళ్లు రాయించినవే, తండ్రి బొమ్మకు కొడుకు పేరు పడిపోవచ్చు. కోటు చూడండి.

బొత్తాల మీద రెజిమెంటు నంబరు వేయాలని 1767లో ఉత్తర్వు వచ్చింది. నంబరు కనబడితే, ఆ బొత్తాలు అంతకుముందువి కావు. 1768 నిబంధనల ప్రకారం పదాతి ఆఫీసరుకు కుడి భుజం మీద ఒకే ఎపాలెట్ (కుచ్చుల భుజపట్టీ), గ్రెనేడియర్ (రెజిమెంటులో ఏరిన దళం) ఆఫీసరైతే రెండు. ఎర్ర పట్టు సాష్ (పట్టీలా కట్టే గుడ్డ) కూడా అప్పుడే నడుముకు దిగింది, అంతకుముందు పదాతివాళ్లు భుజం మీదుగా వేసుకునేవారు. మెడ కింద నెలవంకలాంటి లోహపు బిళ్ల, గార్జెట్, 1830 దాకా వాడుకలో ఉంది కాబట్టి దానితో ఏమీ తేలదు.

లాపెల్ (ఛాతీ మీద కోటు మడత), చేతి మడతల రంగు నీలమైతే 'రాయల్' అనే బిరుదున్న రెజిమెంటు కావచ్చు. పసుపు, ఆకుపచ్చ చాలా రెజిమెంట్లకు ఉమ్మడి, అందుకే కోటు మీద కుట్టిన లేసు బంగారుదా వెండిదా అన్నది కలిపి చూడాలి. ఎర్రకోటంటే రాజుగారి సైన్యమే అనుకోకండి, ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యం ఆఫీసర్లూ అదే తొడిగారు.

అయితే కోటు కూడా మోసం చేస్తుంది, అసలు చిక్కు ఇక్కడే. లండన్ గ్రీనిచ్‌లో ఉన్న బ్రిటిష్ నౌకాదళ వీరుడు నెల్సన్ చిత్రాన్ని చిత్రకారుడు రిగో 1777లో మొదలుపెట్టాడు, అప్పటికి నెల్సన్ లెఫ్టినెంట్. 1781లో ముగించేసరికి కెప్టెన్ అయ్యాడు, దాంతో యూనిఫాం మార్చి గీశాడు. ముఖం ఒక ఏడాదిది, కోటు ఇంకో ఏడాదిది! అందుకే చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) టార్చి వేయండి. పాత రెజిన్ వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, దాని మీద తర్వాత దిద్దిన చోట్లు నల్లని మచ్చల్లా కనిపిస్తాయి. ఎపాలెట్ దగ్గర మచ్చ ఉంటే అనుమానించాల్సిందే. వార్నిష్ కింద చేసిన మార్పు మాత్రం యూవీకి దొరకదు, దానికి ఎక్స్‌రే కావాలి.

ముఖం పాలిపోయి ఉంటే గులాబీ రంగు పూయించకండి. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ చిత్రకారుడు రేనాల్డ్స్ వాడిన 'లేక్' అనే రకం ఎర్ర రంగులు వెలుతురుకు వెలిసిపోయాయి, ఆ పాలిపోవడమే ఒక ఆధారం.

కొలత కూడా తీయండి, అప్పటి బ్రిటిష్ చిత్రాలకు మామూలుగా ఉండే కొలతలు ఇవి: తల, భుజాల వరకు 30×25 అంగుళాలు, మోకాళ్ల దాకా 50×40, నిలువెత్తు సుమారు 94×58. వెనుక కొత్త గుడ్డ అతికించి ఉంటే పాత ముద్రలు కనబడవు. లేకపోతే శుభ్రం చేయించకముందే వెనుక వైపు ఫోటో తీసిపెట్టుకోండి.

హోదా, రెజిమెంటు తేలాక, 1750ల నుంచి ఏటా అచ్చయిన ఆర్మీ లిస్టులో (బ్రిటిష్ సైన్యం ఆఫీసర్ల పేర్ల పట్టిక) వెతకండి. మూలనున్న పేరు అక్కడ, ఆ రెజిమెంటులోనే, ఆ హోదాలోనే దొరికితే అప్పుడు నమ్మడం మొదలుపెట్టొచ్చు.