రాత్రి డయల్ చేసిన మోడెమ్ ఫోన్ పెట్టకపోతే?

ప్రశ్న: పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, ఫోన్ లైన్ మీదుగా నెట్ కలిపే మోడెమ్‌ని సీరియల్ కేబుల్‌తో తగిలించాను. రాత్రి పదకొండింటికి మెయిల్ దించుకోవడానికి రెండు లైన్ల స్క్రిప్ట్ రాశాను: ముందు డయల్ చేయించే 'పాన్', తర్వాత మెయిల్ దించే 'ఫెచ్‌మెయిల్'. రెండు నిమిషాలు ఖాళీగా ఉంటే లైన్ కట్ అయ్యేలా 'ఐడిల్ 120' పెట్టాను. మెయిల్ రావడం లేదు. తెల్లారి చూస్తే లైన్ ఇంకా కలిసే ఉంటోంది. బిల్లు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మెయిల్ సంగతి తేలికే. 'పాన్' అనగానే, నెట్ కలిపే ప్రోగ్రామ్ పీపీపీడీ తెర వెనక్కి వెళ్లి తన పని తాను చేసుకుంటుంది. మోడెమ్ ఇంకా కీచుమంటుండగానే మీ ఫెచ్‌మెయిల్ వెళ్లి, నెట్ లేదని తిరిగొచ్చేస్తోంది. ఆ ఫెచ్‌మెయిల్ ఆదేశాన్నీ, దాని కింద లైన్ కట్ చేసే 'పాఫ్'నూ ఐపీ-అప్ స్క్రిప్టులో పెట్టండి. లింకు కుదిరాకే పీపీపీడీ దాన్ని నడుపుతుంది. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో 'పాన్' ఒక్కటీ ఉంటే చాలు.

రెండోది, లైన్ తెగకపోవడం, నాకూ జరిగింది. ఒకరోజు తెల్లవారుజామున మంచినీళ్ల కోసం లేస్తే, చీకట్లో మోడెమ్ మీద, లైన్ కలిసి ఉందని చెప్పే సీడీ అన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆ రాత్రి ఊరి నుంచి నాన్న ఎన్నిసార్లు చేసినా ఎంగేజే వచ్చిందట. కారణం చూస్తే, గడియారం సరిచేసే ప్రోగ్రామ్ ఒకటి మాటిమాటికీ నెట్‌కి వెళ్తోంది. డేటా కదిలిన ప్రతిసారీ 'ఐడిల్' లెక్క మళ్లీ మొదటికొస్తుంది, రెండు నిమిషాలు ఎప్పటికీ నిండవు. అప్పటినుంచి నేను పీపీపీడీ సెట్టింగుల్లో 'మ్యాక్స్‌కనెక్ట్ 600' (600 సెకన్లు) లేకుండా డయల్ చేయించను. ఎవరేం చేస్తున్నా పది నిమిషాలకు లైన్ తెగుతుంది. 'పర్సిస్ట్' అని ఎక్కడైనా ఉంటే తీసేయండి, అది మళ్లీ డయల్ చేయిస్తుంది.

మోడెమ్‌తో డయల్ చేయించే చాట్ స్క్రిప్టులో, మోడెమ్ ఇచ్చే బిజీ, నో క్యారియర్, నో డయల్‌టోన్ సందేశాలు మూడింటికీ 'అబార్ట్' (అది వస్తే ఆపెయ్ అని) రాయండి. లేకపోతే అవతల ఎంగేజ్ వచ్చినా మన స్క్రిప్ట్ ఊరికే ఎదురుచూస్తుంది. ఫోన్‌లో టోన్ వినపడుతున్నా మోడెమ్ 'నో డయల్‌టోన్' అంటుంటే, డయల్ చేసే ముందు 'ఏటీఎక్స్3' పంపండి, టోన్ కోసం ఆగదు. టోన్ కాక పల్సులతో డయలయ్యే పాత తరహా ఎక్స్ఛేంజీ అయితే, డయల్ ఆదేశం 'ఏటీడీటీ' బదులు 'ఏటీడీపీ'.

ముందు పగటిపూట, 'పాఫ్' లైను తీసేసి, మోడెమ్ పక్కనే కూర్చుని ఒకసారి నడపండి. పది నిమిషాల్లోపు సీడీ దీపం ఆరిపోవాలి. ఆరాక ఫోన్ ఎత్తి డయల్ టోన్ వినండి. అది వినపడితే 'పాఫ్' మళ్లీ చేర్చి, రాత్రికి క్రాన్‌కు అప్పగించండి.