సర్పంచిని ఏకగ్రీవంగా ఎన్నుకోవడం మంచిదేనా?

ఊరంతా ఒక్క మాట మీదకు వచ్చి సర్పంచిని ఎన్నుకుంటే ఖర్చు, తగాదాలు తప్పుతాయి కదా, ఇందులో ప్రజాస్వామ్యానికి వచ్చిన నష్టమేమిటని అడిగారు. నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్లు తీసుకునే చోటా, పోలింగ్ కేంద్రంలోనూ పనిచేశాను. ఏకగ్రీవం వల్ల పోటీ పోతుందని అందరూ అంటారు. నన్ను అంతకన్నా బాధించేది రహస్య ఓటు పోవడం.

రామాలయం అరుగు మీద కూర్చున్న పెద్దలు "అందరికీ సమ్మతమేనా?" అని అడుగుతారు. ఎదురుగా నిలబడిన కౌలురైతు చేస్తున్నది వాళ్ల పొలమే. కూతురి పెళ్లికి తెచ్చిన అప్పు కూడా వాళ్లలో ఒకరిదే. అతను ఏమని చెప్పగలడు? తలూపుతాడు. పోలింగ్ రోజున అదే మనిషి అట్ట మరుగున నిలబడి బ్యాలెట్ మీద ముద్ర వేసే ఆ అర నిమిషం ఎవరికీ బాకీ పడడు. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒకే విలువ అని ఒప్పుకుంటూనే, సామాజిక, ఆర్థిక జీవితంలో ఆ సమానత్వాన్ని నిరాకరిస్తున్నామని అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. అరుగు మీద జరిగే ఎంపికలో ఈ రెండో కొలతే నడుస్తుంది.

ఇది మన పల్లెలకే పరిమితం కాదు. జేన్ మాన్స్‌బ్రిడ్జ్ అనే పరిశోధకురాలు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి సభలను గమనించి 1980లో తన అధ్యయనం ప్రచురించారు. నలుగురిలో నవ్వులపాలవుతామనీ, తగువు పెరుగుతుందనీ భయపడి చాలామంది అక్కడ నోరు విప్పేవారు కాదు. అందరి ప్రయోజనం ఒకటైతే ఏకాభిప్రాయం చక్కగా పనిచేస్తుందని, ప్రయోజనాలు వేరైనప్పుడు రహస్య ఓటు, లెక్కింపు కావాలని ఆమె వాదన. మంచినీళ్ల ట్యాంకు విషయంలో ఊరంతా ఒకటే కావచ్చు. పోరంబోకు భూమి ఎవరి చేతిలో ఉంది, ఇళ్ల స్థలాలు ఎవరికి రావాలి అన్నప్పుడు కాదు.

పైగా ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వాలే నజరానా ఇస్తున్నాయి. గుజరాత్‌లో సమరస్ పథకం 2001 నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఎన్నికలప్పుడు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రకటించారు. దాంతో పోటీకి దిగాలనుకున్న మనిషి ఊరికి వచ్చే డబ్బు చెడగొట్టేవాడైపోయాడు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేలోపు పెద్దమనుషులు వెంటబెట్టుకుని తెచ్చిన ఒక అమ్మాయి నాకు ఇప్పటికీ గుర్తు. మహిళలకు కేటాయించిన వార్డు అది. "మీ ఇష్టంతోనేనా అమ్మా?" అని అధికారి అడిగితే, ఆమె కన్నా ముందు వెనకనున్నవాళ్లు "అవునండీ" అన్నారు. ఆమె సంతకం పెట్టి వెళ్లిపోయింది. కాగితం మీద అంతా సక్రమమే.

కొన్నిచోట్ల ఇది వేలం దాకా వెళ్తుంది. మహారాష్ట్రలో ఉమ్రాణే, ఖోండామళీ గ్రామాల్లో పదవులను వేలం వేశారని 2021 జనవరిలో అక్కడి ఎన్నికల సంఘం ఎన్నికలనే రద్దు చేసింది.

మీరు చెప్పిన తగాదాల భయం నిజమే. ఎన్నికల తర్వాత ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములను నేనూ ఎరుగుదును, పోటీ కోసం ఎకరాలు అమ్ముకున్నవారినీ ఎరుగుదును. అందుకు ఖర్చును అదుపు చేయాలి, బందోబస్తు పెంచాలి. నజరానా డబ్బును షరతు లేకుండా అన్ని పంచాయతీలకూ పంచాలి. ఒక్క అభ్యర్థే మిగిలినా రహస్య ఓటు జరిపి, "వద్దు" అనేవారికీ చోటివ్వాలి.

ఈసారి మీ ఊళ్లో ఏకగ్రీవం అనుకుంటే ముందు ఒకటి కనుక్కోండి: ఎస్సీ కాలనీవాళ్లను ఆ సమావేశానికి పిలిచారా, లేక పేరు ఖాయమయ్యాక కబురు పంపారా?