ఎప్పుడో పోయిన గొంతు, ఇప్పటికీ పోని భయం

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. వయసు 29. నాకు పదకొండేళ్లప్పుడు, ఎవరూ లేకపోయినా కాలవగట్టు మీంచి ఎవరో పేరు పెట్టి పిలిచి తిట్టినట్టు వినబడేది. గాలి సోకిందని మామ్మ తాయెత్తు కట్టించి, ఎవరితోనూ అనొద్దంది. రెండేళ్లకు పోయింది. పెళ్లయి మూడేళ్లు. ఆయన మంచివారే. కానీ వంటింట్లో అత్తగారూ ఆయనా గొంతు తగ్గించి మాట్లాడుకుంటే నా గురించేనని దడ. స్నేహితులు లేరు. ఆయనకు చెప్పాలా? కాన్పయ్యాక మళ్లీ వస్తుందా?

జవాబు: ఆ వయసులో అలా వినబడటం అరుదేమీ కాదమ్మా. అనేక సర్వేలను కలిపి 2012లో లెక్క చూస్తే, 9–12 ఏళ్ల పిల్లల్లో సుమారు 17 శాతం మంది ఇలాంటివి చెప్పారు. 13–18 ఏళ్లకు అది 7.5 శాతమే. చాలామందికి మీకు లాగే వాటంతటవే పోతాయి. మామ్మగారు తనకు తెలిసింది చేశారు. ‘ఎవరితోనూ అనొద్దు’ అన్న మాటే మిమ్మల్ని ఇన్నేళ్లూ ఒంటరిని చేసింది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1994–95లో పుట్టిన 2,232 మంది కవలలను ఏళ్ల తరబడి గమనించారు. 12 ఏళ్లకు ఇలాంటి లక్షణాలున్నవాళ్లలో 18 ఏళ్లు వచ్చేసరికి మానసిక ఇబ్బందులు, ఒంటరితనం ఎక్కువగా కనిపించాయి. మీ ఉత్తరంలో ఉన్నదీ అదే. బడిలో ఏడిపించడం, దెబ్బలు, చెడు స్పర్శ లాంటివి అనుభవించిన పిల్లల్లో ఈ లక్షణాలు ఎక్కువ. మీకూ అలాంటిది జరిగి ఉంటే కౌన్సెలర్‌కు మొదట అదే చెప్పండి.

ఇక వంటింటి సంగతి. తలుపు పక్కన నిలబడి వింటే సగం మాటలే చెవిన పడతాయి, మిగతా సగం భయం పూరిస్తుంది. ‘నా గురించేనా?’ అని ఆయన్ను అడిగితే గంటసేపు ఊరట, తర్వాత మళ్లీ మొదలు. అందుకే ఈ రెండూ మానండి. దడ మొదలైన నిమిషంలోపే లోపలికి వెళ్లి ఏదో ఒక పని అందుకోండి. రాత్రి నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాయండి: చెవిన పడిన మాట ఉన్నదున్నట్టుగా, మీరు అనుకున్నది, ఆ నమ్మకానికి పదికి ఎన్ని మార్కులు, ఇంకేమై ఉండొచ్చు. ఉదాహరణకు, ‘దానికి చెప్పకు’ అని చెవిన పడితే, అది కొబ్బరి దింపు డబ్బుల గురించీ కావచ్చు, చీటీ బాకీ గురించీ కావచ్చు. మూడు వారాలు రాశాక మార్కులు తగ్గుతున్నాయేమో చూడండి. ఎన్ని రుజువులు ఎదురొచ్చినా పదికి పది దగ్గరే నిలిచిపోతే, గొంతులు మళ్లీ వినబడితే, చనిపోవాలనిపిస్తే ఆగొద్దు. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీ ఆయనకు తప్పకుండా చెప్పండి. గొడవైన రాత్రి వద్దు, అత్తగారి ముందూ వద్దు. సాయంత్రం ఏటిగట్టు మీద ఇద్దరూ నడుస్తున్నప్పుడు మంచిది. ‘ఏవండీ, చిన్నప్పుడు నాకు లేని గొంతులు వినబడేవి. రెండేళ్లకు పోయాయి. ఆ భయంతోనే, మీరు మెల్లగా మాట్లాడుకుంటే నాకు దడ వస్తుంది. అప్పుడు నన్నూ పిలిచి కూర్చోబెట్టుకోండి.’ ఇంతే చాలు. మొదట ఆయన బిత్తరపోయి ఏమీ మాట్లాడకపోవచ్చు. దాన్ని అసహ్యమనుకోకండి, రెండు రోజులు టైమివ్వండి.

కాన్పు తర్వాత తీవ్రమైన మతిభ్రమ వచ్చేది వెయ్యి మందిలో ఒకరిద్దరికి. బైపోలార్ (విపరీతమైన ఉత్సాహం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు, ముందు కాన్పులో వచ్చినవాళ్లకు, తల్లికో అక్కచెల్లెళ్లకో వచ్చినవాళ్లకు ముప్పు ఎక్కువ. మీ ఉత్తరంలో అలాంటివేవీ లేవు. అయినా గర్భం నిలవగానే డాక్టరమ్మకు మీ చిన్ననాటి సంగతి చెప్పండి. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్తారు కాబట్టి అమ్మకూ తెలియాలి. మొదటి రెండు వారాలు రాత్రి నాలుగైదు గంటలు మీకు ఏకబిగిన నిద్ర దక్కేలా, ఆ వేళ బిడ్డను ఎవరెత్తుకోవాలో ముందే అనుకోండి. బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా, మాట తీరు ఒక్కసారిగా మారినా, బిడ్డ గురించి వింత తలంపులు వచ్చినా, తెల్లారాక చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని అమ్మకూ ఆయనకూ ఇప్పుడే చెప్పి ఉంచండి.